డోర్నకల్ రాయి

మా పెద్దబాపు కొడుకు, ఊహ తెలిసినప్పటి నుంచి నేను అన్నా అని పిలిచిన మనిషి, పోయిన నెల చనిపోయాడు. జనగామలో మా ఇంటి ముందు నల్లా నీళ్లు పట్టుకుంటుంటే ఆయన బిడ్డ ఫోన్ చేసింది.

"చిన్నబాపూ, బాపు పోయిండు."

"ఎప్పుడు బిడ్డా?"

"గిప్పుడే. చాయ్ తాగిండు. గ్లాసు కడిగి బోర్లేసిండు. వచ్చి మంచంల కూసున్నడు. గంతే."

గ్లాసు కడిగే పోయాడంటే నాకు ఆశ్చర్యం అనిపించలేదు. కడగకుండా ఏ వస్తువునూ కింద పెట్టే మనిషి కాదు.

ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని మా పాత విద్యార్థుల సంఘం వాళ్లు అడిగారు. మంచి మాటలు చాలా ఉన్నాయి, రాస్తాను. అంతకుముందు ఒక సంగతి చెప్పాలి. బతుకంతా నేను అసూయపడింది ఒక్క మనిషి మీదే. అది ఆయన మీద. మా కాలేజీలో ఆయన చూసుకున్న రాళ్ల గదిలో నా పేరు మీద ఒక అబద్ధపు రాయి ఉండేది. ఆ సంగతి ఆయనకొక్కడికే తెలుసు. అది చెప్పకుండా మిగతావన్నీ రాస్తే ఈ రాత కూడా ఆ రాయి లాంటిదే అవుతుంది.

మా ఊరు రేగొండ నుంచి భూపాలపల్లి పోయే తోవలో రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది. మేము పోయేసరికి ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు. పది గంటలకు గనుల విశ్వవిద్యాలయం బస్సు వచ్చింది. దాని వెనక మూడు కార్లు. ప్రొఫెసర్లు దిగారు, పిల్లలు దిగారు, ఎప్పుడో చదువుకుని ఇప్పుడు బావుల్లో మేనేజర్లుగా ఉన్నవాళ్లు దిగారు. పూలదండలు తెచ్చినవాళ్లు తక్కువ. ఎక్కువ మంది తలా ఒక చిన్న రాయి తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టారు. ఊరోళ్లు వింతగా చూశారు. "గిదేం ఆచారమే?" అని ఒక ముసలమ్మ నన్నే అడిగింది.

నేను ఆ బస్సును చూస్తూ, రేపు నేను పోతే ఎవరొస్తారో మనసులో ఒక్కొక్కరినే తలచుకున్నాను. బస్సు మాత్రం రాదు.

మా అన్న పదో తరగతి తప్పాడు. ఇప్పుడు గనుల విశ్వవిద్యాలయమైన సంస్థలోనే నేను డిప్లొమా చదివి, భూపాలపల్లి బొగ్గుబావుల్లో పనిచేసి, సర్వే ఆఫీసరుగా రిటైరయ్యాను. ఆయన అక్కడ అటెండరు. అయినా ఇద్దరిలో పేరు ఆయనదే. రాళ్లన్న అంటే మా బావుల్లో తెలియనివాడు లేడు. నేను అంటే, రాళ్లన్న తమ్ముడు.

ఆ సంస్థ మొదలైనప్పుడు విశ్వవిద్యాలయం కాదు, కాలేజీ కూడా కాదు. మూడు రేకుల గదులు, ముందర ఒక వేపచెట్టు, గనుల శిక్షణ బడి అని ఒక చెక్క బోర్డు. బావిలో పైకప్పును కర్రతో కొట్టి, మోతను బట్టి గట్టిగా ఉందో లేదో తెలుసుకోవడం, గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో చూసుకోవడం, అట్లాంటివి నేర్పేవారు. మా అన్న అక్కడికి చదువుకోడానికి పోలేదు. ఆ గదులు కట్టిన మేస్త్రీ వెంట ఇటుకలు మోయడానికి పోయాడు. గదులు పూర్తయ్యాయి, మేస్త్రీ వెళ్లిపోయాడు. వెనక బావుల నుంచి తెచ్చి పోసిన రాళ్ల కుప్ప ఒకటి మిగిలింది. మొదటి ప్రిన్సిపాల్ ఆ కుప్పను కడగమని మా అన్నకు చెప్పాడు. రెండు రోజుల తర్వాత వచ్చి చూస్తే రాళ్లన్నీ కడిగి, ఎవరూ చెప్పకుండానే రంగును బట్టి, గరుకును బట్టి వరసలుగా పేర్చి ఉన్నాయట. ఆ ప్రిన్సిపాల్ ఆయన్ను ఇంక పోనివ్వలేదు.

ఆ సారే ఒక పద్ధతి కూడా పెట్టాడు. కొత్తగా చేరే ప్రతి విద్యార్థి తన ఊరి నుంచి పిడికిలంత రాయి తేవాలి. ఇంటి నుంచి నడిచి పోయేంత దూరంలో దొరికిందే కావాలి. భూమి లోపలికి దిగి పనిచేసేవాడికి తన ఇంటి కింద ఏముందో ముందు తెలియాలని ఆయన పట్టుదల. లెక్చరర్ చూసి ఏ రకం రాయో చెప్పేవాడు. మా అన్న తెల్ల పెయింటుతో దాని మీద నంబరు వేసి, చీటీ రాసి, గదిలో పెట్టేవాడు. ఒక విద్యార్థికి ఒక నంబరు, ఒక రాయి. ఆ రాయిని తీయడం లేదు, మార్చడం లేదు.

నా వంతు వచ్చేసరికి అది డిప్లొమా కాలేజీ అయింది. నాకు సీటు వచ్చిందని ఉత్తరం రాగానే నన్ను కన్న అవ్వ మా చెల్కలోకి పోయి, మంచి ఎర్ర ఇసుకరాయి చూసి తెచ్చి నా సంచిలో బట్టల మీద పెట్టింది. "మీ అన్నకు ఇయ్యి. వాడు సంబురపడ్తడు" అంది. సీటు నాది, సంబురం ఆయనది. రేగొండ బస్టాండులో చాయ్ హోటలాయన సంచిలోకి తొంగి చూసి, "సదువుకోను పోతున్నవా, ఇల్లు కట్ట పోతున్నవా?" అన్నాడు. బెంచీల మీది వాళ్లంతా నవ్వారు. నేను ఆ రాయి తీసి హోటలు గోడ పక్కన పెట్టి బస్సెక్కాను. అన్న నాకు కాక ఇంకెవరికైనా అన్న అయ్యుంటే దాన్ని పారేసేవాణ్ణి కాదేమో. కాలేజీ అటెండరుకు నేను మోసుకుపోవడం ఏందనుకున్నాను.

తర్వాత రైలెక్కి డోర్నకల్‌లో దిగి, కాలేజీ వైపు పోయే బొగ్గు లైను బండి కోసం కూర్చున్నాను. నా పక్కన మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చిన పిల్లవాడు, అతనూ కొత్తగా చేరుతున్నవాడే, తువ్వాల విప్పి తన రాయి చూపించాడు.

"మా తండా ఎనక గుట్టది. నీదేది?"

"సంచిల ఉన్నది."

"సూపియ్యి."

"అడుగుల ఉన్నది. గాడ సూద్దువు తియ్యి."

నీళ్లు తాగొస్తానని చెప్పి ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాను. ఎవరూ చూడని చోట పట్టాల మధ్య నుంచి ఒక కంకరరాయి ఏరుకుని సంచిలో వేసుకున్నాను.

మరునాడు రాళ్ల గదిలో వరసగా నిలబడ్డాం. మా అన్న నల్లా దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు. ప్రతి రాయిని తీసుకుని, నీళ్ల కింద పట్టి, కొబ్బరి పీచుతో రుద్ది, లుంగీ అంచుకు తుడిచి, అప్పుడు ఊరు అడిగేవాడు. ఎవరైనా ముందే చెప్పబోతే ఆపేవాడు. "రాయిని ముందు కడగాలె. తర్వాత మాట్లాడాలె." నా రాయి ఇచ్చాను. పీచు పెట్టి రుద్దితే దాని నుంచి తుప్పు రంగు నీళ్లు కారాయి. బండ్ల చక్రాల నుంచి రాలే ఇనుప పొడి అది, నాకు తర్వాత తెలిసింది. కడిగాక బూడిద రంగు గ్రానైటు బయటపడింది. అన్ని పక్కలా మిషన్‌లో పగిలిన అంచులు.

ఆయన తలెత్తి నా మొహం చూశాడు.

"ఊరు?"

తన ఊరే. తను పుట్టిన ఊరే. అందరినీ అడిగినట్టే నన్నూ అడిగాడు. మా చెల్కల్లో, మా వాగులో, మా గుట్టలో అట్లాంటి రాయి ఒక్కటి లేదని ఆ గదిలో తెలిసింది మా ఇద్దరికే. లెక్చరర్‌ది ఈ ప్రాంతం కాదు. నేను ఊరి పేరు చెప్పాను. ఆయన రాసుకున్నాడు. నంబరు వేశాడు. "నడువు. ఎనకున్నోళ్లు రావాలె" అన్నాడు.

అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. తిట్టినా బాగుండేది. మూడేళ్లు ఆ గది ముందు నుంచి నడిచినప్పుడల్లా నా రాయి నంబరు నాకు కనపడేది. ఆయన మాత్రం మామూలుగానే ఉన్నాడు. హాస్టల్‌లో కూర బాగాలేని రోజు నాకు పచ్చడి తెచ్చిచ్చేవాడు. అది తింటూ కూడా నాకు కోపంగానే ఉండేది.

ఆ గది అరల గురించి చెప్పాలి. బడి డిప్లొమా కాలేజీ అయినప్పుడు పాత బోర్డు దించి కొత్తది పెట్టారు. పాతదాన్ని పొయ్యిలోకి ఇవ్వబోతుంటే మా అన్న అడిగి తెచ్చుకుని, రాతను కిందికి తిప్పి, రాళ్లకు అర చేసుకున్నాడు. తర్వాత కాలేజీకి ఇంజనీరింగ్ డిగ్రీ వచ్చింది, బోర్డు మారింది, ఆ పాతదీ అర అయింది. ఒకసారి పేరులో ఒక్క మాట మారితే కూడా బోర్డు మార్చారు. అదీ ఆయన గదిలోకే వచ్చింది. పైన చూస్తే రాళ్లు. నేల మీద కూర్చుని తలెత్తి చూస్తే, ఆ సంస్థ ఎట్లా పెరిగిందో ఒక్కో అర అడుగున ఒక్కో పేరు.

ఇది నేను నా కళ్లతో చూసింది చాలా ఆలస్యంగా.

ఉద్యోగంలో చేరాక ఆయన నీడ పోతుందనుకున్నాను. భూపాలపల్లికి తనిఖీకి వచ్చే ఆఫీసర్లలో సగం మంది మా కాలేజీవాళ్లే. ఒకసారి రాత్రింబగళ్లు కష్టపడి గీసిన బావి పటం ఒక పెద్ద ఆఫీసరు ముందు పరిచాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని పటం మీదికి వంగి, నా పేరు చదివి, "మీరు రాళ్లన్న తమ్ముడటగా? అన్న ఎట్లున్నడు?" అన్నాడు. పటం గురించి ఏమన్నాడో నాకు గుర్తు లేదు. ఇంటికొస్తే మా అవ్వ, "వాడు సదువుకోకపోయినా పదిమంది నోట్లె ఉన్నడు" అనేది. నా భార్య, "బావ ఫోన్ చేసిండు, నీ మోకాలు నొప్పి ఎట్లున్నదని అడిగిండు" అనేది. నా మోకాలు నొప్పి సంగతి కూడా ఆయనకే ముందు తెలిసేది.

కొన్నేళ్ల కింద ఆ కాలేజీ విశ్వవిద్యాలయం అయింది. ప్రారంభం రోజున ఇవ్వడానికి సంస్థ చరిత్ర ఒక చిన్న పుస్తకంగా రాయమని పాత విద్యార్థుల సంఘం నన్ను అడిగింది. ఇన్నాళ్లకు నా వంతు వచ్చిందనుకున్నాను. వివరాల కోసం పోతే ఆఫీసులో ఫైళ్లు చూపించి, మిగతాది రాళ్లన్నను అడగమన్నారు. ఆయన అప్పటికే రిటైరైనా, గది చూసుకోడానికి వేరే ఎవరూ లేక ఉండమన్నారు. రెండు రోజులు ఆయన చెప్పాడు, నేను రాసుకున్నాను. రెండో రోజు నేల మీద చాప వేసి, "కూసొని పైకి సూడు తమ్మీ, నువ్వు రాసేదంత గాడనే ఉన్నది" అన్నాడు.

"మోకాళ్లు వంగయి అన్నా" అన్నాను.

మోకాళ్లు వంగేవి.

పుస్తకంలో మొదటి ప్రిన్సిపాల్ ఉన్నాడు, తర్వాత వచ్చిన ప్రిన్సిపాళ్లందరూ ఉన్నారు, భవనాలు, కోర్సులు, ప్రయోగశాలలు ఉన్నాయి. రాళ్ల గదికి ఒక పేరా ఇచ్చాను. అందులో "సిబ్బంది సహకారంతో" అని రాశాను. ఆ ఒక్క మాటలో ఆయన్ను మొత్తంగా పెట్టేశాను. పుస్తకం ఆయన చేతికి వచ్చాక చివరిదాకా చదువుకున్నాడు. తర్వాత నాకు ఫోన్ చేశాడు.

"మంచిగ రాసినవ్ తమ్మీ. అచ్చరాలు పెద్దగున్నయి. ముసలోళ్లు సుత చదువుకోవచ్చు."

ఆ మాటలో పొడుపు ఉందా అని చాలాసేపు వెతుక్కున్నాను. లేదు. ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

ప్రారంభం రోజు హైదరాబాద్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, భూగర్భశాస్త్రంలో పేరున్న మనిషి. వైస్ ఛాన్సలర్ ఆయన్ను రాళ్ల గది చూపించడానికి తీసుకుపోయాడు. చరిత్ర రాసినవాణ్ణని నన్నూ రమ్మన్నారు. కోటు జేబుకు బ్యాడ్జీ, చేతిలో పుస్తకం. పెద్దాయన ఒక్కో చీటీ చదువుకుంటూ వచ్చి నా రాయి దగ్గర ఆగాడు. చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"రేగొండ అవతల ఊరంటున్నారు. అక్కడంతా ఇసుకరాయి కదా. ఇది అక్కడిదెట్లా అవుతుంది? ఎవరు తెచ్చారు దీన్ని?"

చీటీ మీద నంబరు, ఊరు ఉంటాయి. పేరు రిజిస్టర్‌లోనే ఉంటుంది. నేను పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. ఒక్క మాట సరిపోయేది. నేనే సార్, పిల్లతనం, అంటే నవ్వి ఊరుకునేవాళ్లు.

మా అన్న ముందుకొచ్చాడు. "గది సర్దినప్పుడు చీటీలు కలిసిపోయినయి సార్. నాదే గలతి."

పెద్దాయన రాయి కింద పెట్టి వైస్ ఛాన్సలర్‌తో, "ఒక్క చీటీ తప్పయితే మిగతావి నమ్మడం ఎట్లా? ఇట్లాంటి గదికి చదువుకున్న మనిషి ఉండాలి" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. తర్వాతి నెల మా అన్న దగ్గర తాళాలు తీసుకున్నారు. మర్యాదగానే, శాలువా కప్పి.

శాలువా కప్పిన రోజు నేనూ పోయాను, సాయంత్రం ఇద్దరం బస్టాండుకు నడిచాం. దారిలో అడిగాను.

"గా దినం పెద్దసారుకు ఎందుకట్ల చెప్పినవే అన్నా?"

"మరేం చెప్పాలె? తమ్ముడు డోర్నకల్ పట్టాల మీద ఏరుకొచ్చిండని చెప్పాలెనా?"

డోర్నకల్ అన్న మాట వినగానే ఆగిపోయాను. "డోర్నకల్ అని నీకెట్ల తెలుసు?"

ఆయన నవ్వాడు. "గాడ బండి మారంగనే గదా అందరికి యాదికొచ్చేది. నీ ఒక్కనిదే అనుకున్నవా? గదిల ఇంక పదకొండున్నయి, గసొంటియే. కిటికీ పక్క అర మొత్తం డోర్నకల్ కంకరే."

"మరి వాటికి చీటీలు?"

"డోర్నకల్ స్టేషన్ అనే రాసిన. అడిగితే చెప్పిండ్రు, రాసిన. ఏముందండ్ల?"

"నన్నెందుకు అడగలే?"

బస్సు వచ్చింది. ఆయన ఎక్కబోతూ అన్నాడు. "నువ్వు నా తమ్మునివి గదా. నువ్వే చెప్తవనుకున్న."

మీరు నమ్మండి నమ్మకపోండి, ఆ క్షణాన నాకు సిగ్గుకంటే ముందు అసూయే వచ్చింది. తాళాలు పోగొట్టుకుని కూడా ఆయనే పెద్దవాడయ్యాడు. చివరికి దొంగతనంలో కూడా నేను పన్నెండోవాణ్ణి.

ఆ తర్వాత ఆయన ఊళ్లోనే ఉన్నాడు. చెల్క చూసుకునేవాడు, బడి పిల్లలు రాళ్లు తెస్తే కడిగి చూపించేవాడు. నేను పోయినప్పుడల్లా చెప్పాలనుకున్నాను, విశ్వవిద్యాలయానికి పోయి నిజం రాయించి వస్తానని. ప్రతిసారీ ఆయన చాయ్ పోయించేవాడు, మోకాలు ఎట్లా ఉందని అడిగేవాడు. మోకాలు గురించి చెప్పి వచ్చేవాణ్ణి.

పెద్దకర్మ అయిన మరునాడు ఆయన చెల్కలోకి పోయి, గట్టు మీద ఒక ఎర్ర ఇసుకరాయి ఏరాను. ఆయన బిడ్డ చూసింది.

"రాయెందుకు చిన్నబాపూ?"

"పనున్నది బిడ్డా."

"నువ్వు సుత బాపు లెక్కనే అయితున్నవ్."

ఆ మాట నాకు నచ్చింది. నచ్చినందుకు నా మీద నాకే చిరాకు వేసింది.

డోర్నకల్‌లో బండి మారి విశ్వవిద్యాలయానికి పోయాను. రాళ్ల గది ఇప్పుడు కొత్త భవనంలో ఉంది, అద్దాల బీరువాలు. ఒక గోడకు మాత్రం పాత అరలు అట్లాగే ఉంచారు. గది చూసుకుంటున్న అమ్మాయి అక్కడే చదువుకుని అక్కడే ఉద్యోగంలో చేరింది. నేను సంచి విప్పి మాట మొదలుపెట్టబోతే ఆపింది.

"ముందు కడగాలె సార్."

ఆమె నల్లా కింద రాయి కడుగుతుంటే నేను పాత అరల ముందు నేల మీద కూర్చున్నాను. తలెత్తి చూశాను. గనుల శిక్షణ బడి. దాని పక్కన కాలేజీ. దాని పక్కన ఇంకో కాలేజీ. పెయింటు అక్కడక్కడ లేచిపోయింది. నా పుస్తకంలో నలభై పేజీలు పట్టిన సంగతి అక్కడ మూడు అరల అడుగున ఉంది.

నా నంబరు చెప్పాను. ఆమె ఇంకో పెట్టె తెచ్చింది. దాని మీద "ఊరు తెలియనివి" అని రాసి ఉంది. నా రాయి అందులో ఉంది.

"ఇది డోర్నకల్ రాయమ్మా. నేనే తెచ్చిన. చీటీలేం కలిసిపోలేదు. ఈ గది చూసిన ఆయన తప్పేం లేదు. రాసుకో."

ఆమె నా మొహం చూసి, రిజిస్టర్ తెరిచి, నేను చెప్పింది చెప్పినట్టు రాసింది. అంత చిన్న పని.

"ఇప్పుడు మీ ఊరి రాయి వచ్చింది కదా సార్. మీ పేరు మీద పెట్టేద్దాం."

నేను వచ్చింది అందుకే. బండిలో వచ్చినంతసేపూ అదే అనుకున్నాను. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"మా అన్నది రాయి ఉన్నదా ఈ గదిల?"

ఆమె ఆలోచించింది. "ఆయన స్టూడెంట్ కాదు కదా సార్. నంబరు ఉండదు."

అన్ని వందల రాళ్లు కడిగిన మనిషి రాయి ఆ గదిలో లేదు. ఇన్నేళ్లూ నాకు తట్టలేదు. ఆయనకు లేనిది నాకు ఉన్నది అదొక్కటే, ఆ సంగతి తెలియకుండానే అసూయపడుతూ వచ్చాను.

"నా నంబరు ఆయనకియ్యి" అన్నాను.

"అట్లయితే మీకు ఉండదు సార్. కావాలంటే మీ రాయి డోర్నకల్ వరసలో పెడతాను."

"నంబరు లేని రాయి గాడెందుకు? నేను తీసుకపోత."

ఆమె ఎర్రరాయి మీద తెల్ల పెయింటుతో నంబరు వేసి, రిజిస్టర్‌లో నా పేరు మీద గీత కొట్టి, పక్కన మా అన్న పేరు రాసింది. ఆ గీత కొడుతున్నప్పుడు నాకు బాధయింది. లేదని చెప్పను.

తిరిగి వచ్చేటప్పుడు డోర్నకల్‌లో ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాను, దాన్ని తీసిన చోటే వేద్దామని. అన్నీ అట్లాంటి రాళ్లే. వేస్తే మళ్లీ దొరకదు. బండి వచ్చింది, సంచితోనే ఎక్కాను.

ఇప్పుడది జనగామలో మా ముందు తలుపుకు అడ్డం. గాలికి తలుపు కొట్టుకోకుండా నా భార్య పెట్టింది. వచ్చినవాళ్లు దాని మీది అంకెలు చూసి ఏందని అడుగుతారు. "గది మా బావ కడిగిన రాయి" అని చెప్తుంది ఆమె. నేను తెచ్చిన రాయి అని ఎన్నడూ చెప్పదు. నేనూ సరిదిద్దను. వాకిలి ఊడ్చినప్పుడు దుమ్ము పడితే, తీసుకుపోయి నల్లా కింద పెట్టి పీచుతో కడుగుతాను. తుప్పు నీళ్లు ఇప్పుడు రావు. అంకెలు మాత్రం చెరగడం లేదు. నంబరు నాదే. రాత ఆయనది.